ఆర్కిటెక్చర్ మొదటి ఏడాది: చేతి గీతా, మోడలా, కంప్యూటరా? ఏ పనికి ఏది పట్టుకోవాలి

బి.ఆర్క్‌లో చేరిన మొదటి వారంలోనే చేతికి సామాన్ల జాబితా వస్తుంది. సీనియర్లు ఒకటి కొనమంటారు, సార్లు ఇంకొకటి చెబుతారు, ఇంట్లోవాళ్లేమో "ఎటూ కంప్యూటర్ మీదే కదా పని, మంచి ల్యాప్‌టాప్ ఒకటి కొంటే సరిపోదా" అంటారు. కొనేముందు ఒక సంగతి తేల్చుకోవాలి. డిజైన్ నేర్చుకోవడమంటే తప్పు చేసి, దాన్ని కళ్లారా చూసి, దిద్దుకోవడం. కాబట్టి ఏ పద్ధతినైనా రెండు ప్రశ్నలతో తూచండి. ఇందులో నా తప్పు నాకు ఎంత తొందరగా కనబడుతుంది? కనబడ్డాక దిద్దడానికి ఎంత టైము, ఎంత డబ్బు పోతుంది? ఇక్కడ చెప్పే ఎంపికలన్నీ ఈ రెండు ప్రశ్నల మీదే నిలబడి ఉన్నాయి.

పోలిక గాల్లో ఉండకుండా ఒకే ఉదాహరణ పెట్టుకుందాం. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న స్థలం. మన లెక్కలో 200 గజాలు, 1800 చదరపు అడుగులు. మీటర్లలో 9.14 × 18.29. అందులో రెండంతస్తుల చిన్న ఇల్లు.

గీతతో మొదలుపెట్టాలా, స్క్రీన్‌తోనా

మొదటి సెమిస్టర్ మొత్తం, రెండో సెమిస్టర్‌లో సగం దాకా చేత్తోనే గీయండి. స్కేలు ఒంటబట్టడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

1:100లో (అసలు కొలతలో వందో వంతు) తొమ్మిదంగుళాల గోడ, అంటే 230 మి.మీ., కాగితం మీద 2.3 మి.మీ. వస్తుంది. నాలుగున్నర అంగుళాల గోడ 1.15 మి.మీ. మీ చేతిలో 0.5 మి.మీ. పెన్ను ఉంటే ఆ గీత మందమే అసలు కొలతలో 50 మి.మీ. నాలుగున్నర అంగుళాల గోడకు రెండు వైపులా లోపలికి 0.5 గీతలు గీస్తే మధ్యలో మిగిలేది 0.15 మి.మీ. ఇంకు ఆరేలోపే అది పూడిపోతుంది. ఈ పాఠం కాగితం మీద పది నిమిషాల్లో అందుతుంది. అదే స్క్రీన్ మీదైతే జూమ్ చేసి ద్వారబంధం, దాని గాడి, బిజాగరీ దాకా ఓపిగ్గా గీస్తారు. 1:100లో ప్రింట్ తీస్తే అదంతా ఒక నల్లటి ముద్ద. జూమ్‌లో ఉన్నంతసేపు స్కేలనేది కనబడదు, అందుకే ఎంత వివరం చాలో తెలియదు.

రెండో కారణం, చేత్తో గీసేటప్పుడు స్థలమంతా ఎప్పుడూ కళ్ల ముందే ఉంటుంది. మన 200 గజాల స్థలం 1:200లో 46 × 91 మి.మీ., అరచేతిలో పడుతుంది. 1:100లో 91 × 183, ఎ4 కాగితం చాలు. 1:50లో 183 × 366, ఎ3లో సరిపోతుంది. ఈ మూడు స్కేళ్లకూ మూడు వేర్వేరు పనులున్నాయి. 1:200లో ఎండ ఎటు, ఖాళీ ఎక్కడ వదలాలి, మెట్లు ఏ మూలకి, వీధి నుంచి ఎలా లోపలికి వస్తాం అనేవి తేలాలి. 1:100లో గదుల కొలతలు, తలుపులు, కిటికీలు. 1:50లో మంచం పక్కన నడిచే దారి, వంటగట్టు లోతు, గడప, గోడ మందం.

ఎక్కువమంది చేసే తప్పు నేరుగా 1:50తో మొదలుపెట్టడం. ఒక్క ప్లాన్‌కే రోజంతా పడుతుంది. సాయంత్రానికి అది బాగాలేదని తెలిసినా చింపడానికి మనసొప్పదు. అదే 1:200లో అయితే గంటలో ఎనిమిది రకాలు గీయొచ్చు, ఏడు పారేయొచ్చు. పారేయడానికి బాధ లేని స్కేలులో ఆలోచించండి, బాధ కలిగే స్కేలులో తేల్చండి.

గీతల బరువులు మూడు చాలు: కోసినట్టు చూపే గోడకి 0.5 మి.మీ., కోత వెనక కనబడే అంచులకి 0.3, ఫర్నిచర్‌కీ ఫ్లోరింగ్‌కీ 0.1. పెన్సిలైతే హెచ్‌బీ, హెచ్, 2హెచ్. అన్నీ ఒకే మందంతో గీసిన ప్లాన్‌లో గోడకీ చాపకీ తేడా తెలియదు. జ్యూరీలో, అంటే సార్లు కూర్చుని మీ పనిని పరీక్షించే చోట, చూసేవాళ్లు ముందు గోడల్ని వెతుక్కోవాల్సి వస్తే, మీ డిజైన్ దాకా వచ్చేసరికి వాళ్ల ఓపిక సగం అయిపోతుంది.

బోర్డు, కాగితం

ఇది తొందరగా తేల్చుకోవచ్చు. బోర్డు అంచుకి ఆనించి జరిపే టీ ఆకారపు స్కేలు, టీ-స్క్వేర్, చవక, బరువు లేదు, హాస్టల్ మంచం కింద పడి ఉంటుంది. కానీ బోర్డు ఎడమ అంచు నున్నగా, తిన్నగా లేకపోతే ప్రతి గీతా వంకరే. బోర్డుకి బిగించి వాడే మినీ డ్రాఫ్టర్ ఇంజినీరింగ్ డ్రాయింగ్‌కి అలవాటైన వస్తువు. చిన్న షీట్ మీద హాయిగా పనిచేస్తుంది గానీ, ఎ2, ఎ1 షీట్ల మీద చివరలకి అందదు. స్క్రూలు వదులైతే మీకు తెలియకుండానే కోణం జారిపోతుంది. తీగల మీద పైకీ కిందికీ జరిగే అడ్డ స్కేలు, పారలల్ బార్, పొడవైన అడ్డగీతలకి అన్నిటికన్నా మేలు. దాని తీగ రెండు వైపులా ఒకేలా బిగువుగా ఉందో లేదో నెలకోసారి చూసుకోవాలి. ఐదేళ్ల చదువు కాబట్టి, బోర్డు పెట్టుకునే చోటుంటే పారలల్ బార్ ఉన్న ఎ1 బోర్డు తీసుకోండి. చోటు లేకపోతే ఎ2 బోర్డు, టీ-స్క్వేర్ చాలు.

సెట్ స్క్వేర్ కొన్న రోజే పరీక్ష చేయండి. టీ-స్క్వేర్ మీద ఆనించి ఒక నిలువు గీత గీయండి. సెట్ స్క్వేర్‌ని బోర్లా తిప్పి, అదే బిందువు నుంచి మళ్లీ గీయండి. రెండు గీతలూ కలిస్తే సరే. విడిపోతే, ఆ ఎడంలో సగం దాని తప్పు.

కాగితం విషయంలో డ్రాయింగ్ కాగితమైన కార్ట్రిడ్జ్ షీట్‌కీ, కింది గీత కనబడే పల్చటి బటర్ పేపర్‌కీ పోటీ పెట్టొద్దు. ఆలోచించేది బటర్ పేపర్ మీద, చూపించేది కార్ట్రిడ్జ్ మీద. బటర్ పేపర్ రోల్ ఒకటి కొని, పాత ప్లాన్ మీద కొత్త ముక్క పరిచి మారిన భాగం మాత్రమే గీయండి. కింది అంతస్తు గోడల మీదే పై అంతస్తు గోడలు వస్తున్నాయా లేదా అన్నది కూడా ఇలాగే తెలుస్తుంది. కింద బాత్‌రూమ్ ఒక మూల, పైన ఇంకో మూల పెట్టి, ఆ పైపులు హాల్ మధ్యలోంచి దిగుతున్న సంగతి చివరి వారం దాకా కనిపెట్టలేని వాళ్లకి బటర్ పేపర్ కన్నా మంచి మందు లేదు.

మోడల్: ఏ బోర్డు, ఏ స్కేలుకి

డిజైన్ బేసిక్స్ చాలాచోట్ల ఇళ్లతో మొదలవ్వదు. కాగితం మడతలు, ఘనాలు, తలాలతో మొదలవుతుంది. ఈ అభ్యాసాల మూలం 1919లో జర్మనీలోని వైమార్‌లో పుట్టిన బౌహౌస్ అనే డిజైన్ పాఠశాల ప్రాథమిక కోర్సులో ఉంది. దాన్ని జోహాన్నెస్ ఇట్టెన్ మొదలుపెట్టారు. తర్వాత అక్కడే బోధించిన జోసెఫ్ ఆల్బర్స్, ఒక్క కాగితాన్ని కోసి, మడిచి, ముక్క వృథా పోకుండా నిలబడే ఆకారాలు చేయించేవారు. మన స్టూడియోల్లో ఆ అభ్యాసానికి రంగులద్ది అలంకారంగా మార్చేస్తుంటారు. అక్కడ నేర్చుకోవాల్సింది ఒకటే: చదునైన కాగితం సొంత బరువుకే వంగిపోతుంది, మడత పెడితే పైన పుస్తకం పెట్టినా ఆగుతుంది. రేకుల షెడ్డులో రేకుకి అలలెందుకో అప్పుడు తెలుస్తుంది. కాబట్టి మడతల అభ్యాసానికి మందమైన బోర్డు తీసుకోకండి, మామూలు కార్ట్రిడ్జ్ కాగితమే సరైనది. అట్ట దానంతట అదే నిలబడుతుంది, మడత ఏం చేసిందో చెప్పదు.

ఇంటి మోడల్‌కి వచ్చేసరికి బోర్డుని అందం చూసి కొనొద్దు, స్కేలు చూసి కొనండి. 1:50లో 5 మి.మీ. ఫోమ్ బోర్డు 250 మి.మీ. గోడ అవుతుంది, తొమ్మిదంగుళాల గోడకి చాలా దగ్గర. అదే 5 మి.మీ. బోర్డుని 1:100లో వాడితే అర మీటరు గోడ. గదులు ఇరుకైపోతాయి, కిటికీలు సొరంగాల్లా కనబడతాయి. 1:100కి 2 మి.మీ. గ్రే బోర్డు సరైనది, అది 200 మి.మీ. గోడ. 3 మి.మీ. సన్‌బోర్డ్ (పీవీసీ ఫోమ్ పలక) 300 అవుతుంది, కాస్త లావే గానీ సర్దుకోవచ్చు. 1:200లో మౌంట్ బోర్డ్ చాలు, ఆ స్కేలులో గోడ మందం ఎలాగూ చూపలేం.

ఇక ఒక్కోదాని గుణం. మౌంట్ బోర్డ్ కోత శుభ్రంగా వస్తుంది, తేమకి వంగుతుంది. వానాకాలంలో రాత్రి అతికించిన గోడ పొద్దునకి విల్లులా తిరిగి ఉంటుంది. సన్‌బోర్డ్‌కి ఆ బాధ లేదు, కానీ అంచులు ఒక్క వేటుకి తెగవు, చేత్తో చిన్న కిటికీలు కోయడం కష్టం. ఫోమ్ బోర్డు తేలిక, తొందరగా తెగుతుంది. దాని అంచున లోపలి ఫోమ్ కనబడుతుంది, బ్లేడు మొద్దుబారితే అదే చిరిగి గింజలు గింజలుగా వస్తుంది. బాల్సా చెక్క వాసాలు, దూలాలు, స్తంభాలు చూపడానికి బాగుంటుంది, గోడలకి అనవసరం. గ్లాసుకి యాక్రిలిక్ కొననక్కర్లేదు, పారదర్శకమైన ఓహెచ్‌పీ ప్లాస్టిక్ షీట్ చాలు. థర్మాకోల్‌ని వేడి తీగతో కోసి ఘనాల మోడళ్లకి మాత్రమే వాడండి.

మూలల దగ్గర జరిగే లెక్క తప్పు ఒకటి విడిగా చెప్పాలి, ఎందుకంటే దాదాపు అందరూ ఒకసారైనా చేస్తారు. బయటి కొలత 4 మీ. × 3 మీ. ఉన్న గదిని 1:50లో 5 మి.మీ. బోర్డుతో చేస్తున్నారనుకోండి. కాగితం మీద 80 × 60 మి.మీ. అందుకని 80వి రెండు, 60వి రెండు కోస్తారు. 60వి రెండిటినీ 80 ముక్కల మధ్యలో నిలబెడితే బయటి వెడల్పు 60 కాదు, 5 + 60 + 5, అంటే 70. గది వెడల్పు మూడున్నర మీటర్లైపోయింది. పక్క గదికి కూడా ఇలాగే చేస్తే ఇల్లు సైటు దాటుతుంది. మధ్యలో నిలిచే ముక్కల్ని 50 మి.మీ. కోయాలి. లేదా నాలుగు మూలల్లోనూ కలిసే అంచులన్నీ 45 డిగ్రీల్లో చెక్కాలి, అప్పుడు బోర్డు లోపలి పొర కూడా బయటికి కనబడదు. 45 డిగ్రీల కోతకి చెయ్యి కుదరడానికి ముందు పనికిరాని ముక్కల మీద పదిసార్లు కోసి చూడండి.

కోసే పద్ధతి: స్టీల్ స్కేలు, కింద కటింగ్ మ్యాట్, నిలబడి కోయాలి. ఒకేసారి బలంగా లాగితే బ్లేడు పక్కకి జారుతుంది, కోత వాలుగా వస్తుంది, వేలు కూడా తెగుతుంది. మొదటి వేటు గాటు పడేంత, తర్వాత మూడు నాలుగు తేలిక వేట్లు. కోత గరగరమన్న వెంటనే కట్టర్ మొన విరిచేయండి. కొత్త మొన ఖరీదు పాడైన బోర్డు ముందు లెక్కలోకి రాదు.

జిగురు దగ్గర పొరపాట్లు పెద్దవి. ఫెవిక్విక్, ఫెవిబాండ్ థర్మాకోల్‌ని తినేస్తాయి, అతుకు పడాల్సిన చోట గుంట పడుతుంది. థర్మాకోల్‌కి తెల్ల ఫెవికాలే. ఫెవికాల్‌ని ట్యూబ్‌తో నేరుగా పిండకుండా, ఒక అట్టముక్కతో పల్చగా అంచుకి రాయండి. లావుగా రాస్తే ఆరదు, బయటికి కారి మరక పడుతుంది. పెద్ద తలం మీద కాగితం అతికించడానికి ఫెవికాల్ వాడితే బోర్డు ఒకవైపుకి వంగుతుంది. తడి ఆరేటప్పుడు ఆ వైపు ముడుచుకుంటుంది కాబట్టి. రెండు వైపులా అతికించండి, లేదంటే డబుల్ సైడ్ టేప్ వాడండి.

ఆలోచించడానికి చేసే స్టడీ మోడల్ మాత్రం పాత అట్టపెట్టెలతో, సెల్లో టేపుతో చేయండి. అది అరగంటలో అయిపోవాలి, అరగంటలో విప్పేయగలగాలి. ఫైనల్ మోడల్‌కి వాడే బోర్డుతో స్టడీ మోడల్ చేస్తే అది స్టడీ మోడల్‌గా మిగలదు. మార్చడానికి చెయ్యి రాదు.

వాలు స్థలమైతే పొరల మందం కూడా లెక్కతోనే. 1:200లో ఒక మీటరు ఎత్తు తేడా ఉన్న కాంటూర్ (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీత) 5 మి.మీ. పొర, 1:500లో 2 మి.మీ. ఇంట్లో 3 మి.మీ. అట్ట ఉంది కదా అని 1:200లో అదే వాడితే కొండ ఎత్తు 60 శాతానికి పడిపోతుంది. ఆ మోడల్ చూసి కట్టిన మెట్లు, ర్యాంపు అన్నీ తప్పే. పొరలన్నీ పూర్తి షీట్లుగా పెట్టక్కర్లేదు. పై పొర కిందికి 20 మి.మీ. చొచ్చుకుపోయేలా కింది పొర ఉంటే చాలు, మధ్యలో బోలుగా వదిలి అక్కడక్కడా ఊతాలు పెట్టండి. బోర్డు బాగా ఆదా అవుతుంది.

ప్లాన్ ముందా, సెక్షన్ ముందా

అందరూ ప్లాన్‌తో మొదలుపెడతారు. మా సలహా: మెట్లున్న ఏ భవనానికైనా మొదటి రోజే సెక్షన్, అంటే భవనాన్ని నిలువునా కోసినట్టు చూపే బొమ్మ, కూడా గీయండి. మన ఇంటి మెట్లే తీసుకుని చూడండి.

ఫ్లోర్ నుంచి ఫ్లోర్‌కి 3 మీటర్లు. రైజరు, అంటే ఒక్కో మెట్టు ఎత్తు, 150 మి.మీ. పెట్టుకుంటే 20 రైజర్లు. ఇళ్లకి నేషనల్ బిల్డింగ్ కోడ్ రైజరు 190 మి.మీ. దాటకూడదని, అడుగు పెట్టే వెడల్పు, అంటే ట్రెడ్, 250కి తగ్గకూడదని చెబుతుంది. రెండు వరసల మెట్లైతే వరసకి 10 రైజర్లు. పది రైజర్లకి ట్రెడ్లు పది కావు, తొమ్మిది. పదో అడుగు రెండు వరసల మధ్య మలుపు తిరిగే చదును చోటు, అంటే ల్యాండింగ్ మీద పడుతుంది. 9 × 250 = 2250 మి.మీ., ల్యాండింగ్ 1000, మొత్తం 3250. మెట్లెక్కే ముందు నిలబడే చోటు దీనికి అదనం. వెడల్పు రెండు మీటర్లు, మధ్యలో చిన్న సందు. ప్లాన్‌లో ఇది చక్కగా కూర్చుంటుంది.

తర్వాత, మధ్య ల్యాండింగ్ కింద చోటు ఖాళీగా ఉంది కదా అని అక్కడ పెరటి తలుపు పెడతారు. ప్లాన్‌లో తప్పు కనబడదు. సెక్షన్ గీయండి: ల్యాండింగ్ పై మట్టం 1500. అందులోంచి 150 మి.మీ. స్లాబ్ తీసేస్తే కింద మిగిలేది 1350. మామూలు తలుపు 2100. మనిషి నడుం వంచి వెళ్లాల్సిన తలుపుని మీరు గీశారు. ఈ ఒక్క కారణంతో చివరి వారంలో మొత్తం ప్లాన్ తిరగేసే వాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. సెక్షన్‌కి పట్టేది ఇరవై నిమిషాలు. దారి కావాలనుకుంటే మొదటి వరసలో ఎక్కువ మెట్లు పెట్టి ల్యాండింగ్‌ని పైకి లేపాలి. 16వ మెట్టు దగ్గర ల్యాండింగ్ వస్తే దాని మట్టం 2400, స్లాబ్ పోగా 2250 మిగులుతుంది. కానీ అప్పుడు మొదటి వరస 15 ట్రెడ్లతో 3750 పొడవవుతుంది. స్థలం ఒప్పుకుంటుందో లేదో చూసుకోవాలి.

ఏ ఇంటిని చదవాలి: పేరున్నదా, పక్క ఊరిదా

కేస్ స్టడీకి రెండు దారులు. పుస్తకాల్లో ఉన్న ప్రసిద్ధ భవనం ఒకటి, మీరు టేపు పట్టుకుని కొలవగలిగిన ఇల్లు ఒకటి. మొదటి ఏడాది రెండోదానికే ఓటు.

ప్యారిస్ దగ్గర పొయెసీలో 1931 నాటికి పూర్తయిన ఆర్కిటెక్ట్ లె కార్బూజియే డిజైన్ చేసిన ఇల్లు, విల్లా సవాయ్, తీసుకోండి. సన్నటి స్తంభాల మీద లేచిన తెల్లటి పెట్టె, చదును పైకప్పు. ఫొటోలు చూసిన విద్యార్థికి అందేది ఆ రూపం. ఆ పైకప్పు వానకి కారిందన్న సంగతి ఫొటోలో ఉండదు. ఆ రూపాన్ని తెచ్చి కోనసీమ వానలో పెడితే ఏమవుతుందో అడగడం కూడా తోచదు.

ఇప్పుడు కోస్తాలో ఒక మండువా లోగిలి తీసుకోండి. మధ్యలో ఆకాశం కనబడే మండువా, నాలుగు వైపుల పెంకుల వాలు దాని మీదికే దిగుతుంది. వాననీరంతా మండువాలో పడి, తూము గుండా బయటికి పోతుంది. అందుకే మండువా చుట్టూ ఉన్న వసారా కన్నా పల్లంలో ఉంటుంది. ఎంత పల్లం? తూము ఏ వైపు, ఎంత వాలు? లోపలి మూలల్లో రెండు వాలులు కలిసే చోట నీరంతా ఒకే గాడిలోకి వస్తుంది, అక్కడ కింద చెక్క ఎలా ఉంది? చూరు నేల నుంచి ఎంత ఎత్తు, మధ్యాహ్నం నీడ వసారాలో ఎంతవరకు వస్తుంది? వీధి అరుగు ఎత్తు కూర్చోవడానికి సరిపోయిందా? ఈ ప్రశ్నలకి జవాబులు టేపుతో దొరుకుతాయి. ఒక ఇల్లు నీటితో, ఎండతో, మనుషులతో ఎలా ఒప్పందం చేసుకుందో అర్థమైతే, తర్వాత విల్లా సవాయ్ ప్లాన్ చదివినా దాన్ని సరైన ప్రశ్నలు అడగగలరు.

కొలిచేటప్పుడు గది నాలుగు గోడలతో పాటు రెండు కర్ణాలూ తీసుకోండి. 3.6 × 4.2 మీటర్ల గదికి మూలలు సరిగ్గా ఉంటే కర్ణం 5.53 మీ. రెండు కర్ణాలకీ ఎనిమిది సెంటీమీటర్ల తేడా వచ్చిందంటే గది మూలమట్టంలో లేదు. పాత ఇళ్లలో ఇది మామూలే, దాన్ని అలాగే గీయాలి, సరిచేసి గీయకూడదు. గోడ వెంట కిటికీలు, తలుపులు కొలవడానికి ముక్కముక్కగా కొలవొద్దు. టేపు సున్నా ఒక మూలలో పెట్టి, కదపకుండా, ప్రతి అంచు దగ్గర రీడింగ్ రాసుకోండి. ముక్కకి 5 మి.మీ. తప్పు చొప్పున పన్నెండు ముక్కలకి 60 మి.మీ. పేరుకునే ప్రమాదం దీంతో పోతుంది.

లేజర్ మీటరా, టేపా అంటే: గదుల ఎత్తుకీ పొడవైన హాళ్లకీ లేజర్ సుఖం. ఆరుబయట ఎండలో దాని చుక్క కనబడదు, తలుపు అంచు దగ్గర కాంతి ఆగడానికి అడ్డం ఏమీ ఉండదు. టేపు ఐదు మీటర్లు దాటితే మధ్యలో వేలాడుతుంది, ఇంకొకరు పట్టుకోవాలి. నేల మట్టాలకి మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబే ఇప్పటికీ నమ్మకమైనది. ట్యూబ్‌లో గాలి బుడగ లేకుండా మాత్రం చూసుకోండి, బుడగ ఉంటే రెండు చివరలా మట్టం ఒకటి కాదు.

కంప్యూటర్ గెలిచే చోటు

ఎండ లెక్క. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబర్ 21 మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. జూన్ 21న 84 డిగ్రీలు, అదీ ఉత్తరం వైపు నుంచి. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరంగానే ఉంటాడు. దక్షిణపు కిటికీ మీద 600 మి.మీ. సన్‌షేడ్ డిసెంబర్ మధ్యాహ్నం సుమారు 690 మి.మీ. కిందికి నీడ ఇస్తుంది. అదే సన్‌షేడ్ పడమటి కిటికీ మీద, మే నెలాఖరులో సాయంత్రం నాలుగు దాటాక, 400 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది. 1200 ఎత్తున్న కిటికీలో మూడింట రెండొంతులకి ఎండ కొడుతుంది. పడమటికి సన్‌షేడ్ చాలదని, నిలువు పలకో జాలీయో చెట్టో కావాలని దీంతో తేలుతుంది.

ఈ లెక్క చేత్తో ఒకసారి చేసి, తర్వాత స్కెచప్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఏడాది పొడవునా తిప్పి చూడండి. ఇక్కడ కంప్యూటర్‌కి పోటీ లేదు. ముందు మీ ఊరి లొకేషన్, ఉత్తర దిక్కు పెట్టాలి. పెట్టకుండా షాడో ఆన్ చేస్తే మీరు చూసేది కొలరాడోలోని బౌల్డర్ నగరపు ఎండ, 40 డిగ్రీల అక్షాంశానిది. ఆ పొడవాటి నీడలు షీట్ మీద ఎంత అందంగా ఉన్నా అబద్ధమే.

ఏ సాఫ్ట్‌వేర్ ఎప్పుడు

రెండో సెమిస్టర్ సగంలో స్కెచప్. వారంలో చేతికి వస్తుంది. గోడ గీసిన వెంటనే గ్రూప్ చేయడం మొదటి రోజే అలవాటు చేసుకోండి, లేకపోతే పక్క గోడ జరిపితే పైకప్పు కూడా దాంతోపాటు సాగుతుంది. దాని లోపం, మందం లేని తలాలతో ఇల్లు కట్టనిస్తుంది. కాగితం మందం గోడలతో ఇల్లంతా అయిపోయిందనిపిస్తుంది.

మొదటి ఏడాది చివర, డ్రాయింగ్‌లు గీసే ఆటోక్యాడ్. గీసేది 1:1లో, మిల్లీమీటర్లలో. ఇంకొకరి ఫైలు అంగుళాల్లో ఉంటే కలిపేటప్పుడు 25.4 రెట్ల తేడా వస్తుంది, యూనిట్లు ముందే చూసుకోండి. చేతి గీతలో నేర్చిన మూడు బరువులే ఇక్కడ మూడు రంగులవుతాయి, ఏ రంగు ప్రింట్‌లో ఎంత మందం రావాలో పెట్టుకుంటారు. ఆ అనుభవం లేకుండా వచ్చినవాళ్ల ప్రింట్లలో గోడా, చాపా మళ్లీ ఒకటే.

భవనాన్ని భాగాలుగా త్రీడీలో కట్టే రెవిట్‌ని మూడో ఏడాదికి వాయిదా వేయండి. అది గోడని గోడగా, తలుపుని తలుపుగా అడుగుతుంది, ఇటుకా ప్లాస్టరా అని అడుగుతుంది. ఇల్లెలా కడతారో తెలిశాక అవి మంచి ప్రశ్నలు. తెలియకముందు, అది ఇచ్చిన రెడీమేడ్ కిటికీయే మీ డిజైన్ అయిపోతుంది. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన రెవిట్ ఫైలు పాత వెర్షన్‌లో తెరుచుకోదు కాబట్టి గ్రూప్ వర్క్‌కి ముందు అందరూ ఒకే వెర్షన్ పెట్టుకోవాలి. రెవిట్‌కి విండోస్ కావాలి, మ్యాక్ కొనేముందు ఇది గుర్తుంచుకోండి. ఆటోక్యాడ్, రెవిట్ రెండూ ఆటోడెస్క్ వాళ్లవే. విద్యార్థులకి ఉచితం, ఏడాదికోసారి రెన్యూ చేసుకోవాలి. వంపు రూపాలు చేయాల్సి వస్తే రైనో. మొదటి ఏడాదిలో దానితో పని పడదు.

దీన్ని బట్టి ల్యాప్‌టాప్ మొదటి రోజు అక్కర్లేదు. ఆగగలిగితే మూడో సెమిస్టర్ ముందు, 16 జీబీ ర్యామ్, విడి గ్రాఫిక్స్ కార్డు ఉన్నది తీసుకోండి. ఇంట్లో ఉన్న మామూలు ల్యాప్‌టాప్ మొదటి ఏడాది స్కెచప్‌కి చాలు.

జ్యూరీ షీట్లు: చేత్తోనా, ప్రింటా

రెండింటిలో ఏదైనా పర్లేదు, ఒకే షీట్ మీద కలపడానికి మాత్రం వెనకాడండి. ప్రింట్‌కి వెళ్తే జిరాక్స్ షాపులో జరిగే ప్రమాదం ఒకటుంది. ఎ2 పీడీఎఫ్‌ని ఎ3 మీద "ఫిట్ టు పేపర్" పెట్టి తీస్తే 1:100 కాస్తా 1:141 అవుతుంది. షీట్ మీద 1:100 అని రాసి ఉంటుంది, జ్యూరీలో స్కేలు పెట్టి చూస్తే 900 తలుపు 640 కొలుస్తుంది. ప్రింట్ ఆప్షన్లలో "యాక్చువల్ సైజ్" పెట్టించండి. కాగితం బయటికి రాగానే అక్కడే స్కేలు ఆనించి ఒక తలుపు కొలిచి చూడండి. ప్రతి ప్లాన్ కింద ఐదు మీటర్ల గ్రాఫిక్ స్కేలు గీసి ఉంచండి; షీట్‌తో పాటు అదీ చిన్నదవుతుంది కాబట్టి, షాపు మూసేశాక తప్పు కనబడ్డా ఆ డ్రాయింగ్‌ని కొలిచి చదవొచ్చు.